రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద

తెల్లాపూర్‌లో ఆ గేటెడ్ కమ్యూనిటీ లేచిన నేలలో పోచమ్మ ఒకప్పుడు జొన్న వేసింది. భూమి ఇచ్చినందుకు బిల్డరు ఆమె పేరు మీద రెండు ఫ్లాట్లు రాసిచ్చాడు. ఒకదాంట్లో తనుంటుంది, పక్కదాన్ని హర్షిణికి కిరాయికిచ్చింది. హర్షిణి మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకునే పిల్ల, ఇంకా పెళ్లికాలేదు. పోచమ్మకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయేది ఆ పిల్లే, పొద్దున్నే గడపలో నిలబడి "అమ్మమ్మా, తిన్నవా" అని అడిగేదీ ఆ పిల్లే. కన్నకొడుకు శివశంకర్ మదీనాగూడలోనే ఉంటాడు గానీ, తల్లి దగ్గరికి రావాలంటే వాడికి ఎప్పుడూ ట్రాఫిక్కే అడ్డం.

అలాంటి పిల్లను నెలాఖరుకల్లా ఖాళీ చేయించమని అసోసియేషన్ నోటీసు అంటించింది. పెళ్లికానివాళ్లకు ఎవరూ కిరాయికి ఇవ్వకూడదట. పోయిన మీటింగులో చేతులెత్తి తీర్మానించారట. ఇలా వెళ్లగొట్టించుకోవడం హర్షిణికి కొత్త కాదు. సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది. తన బదులు మీటింగుకు పోయిన శివశంకర్ కూడా చెయ్యెత్తాడని తెలిశాక పోచమ్మకు ఒళ్లు మండిపోయింది. ఔను మరి, మీటింగులకు మగవాళ్లు పోవడం అక్కడి ఆనవాయితీ. ఇల్లు ఎవరిదని ఎవరూ అడగరు, కుర్చీలో ఎవరు కూర్చుంటే ఇల్లు వాళ్లదే.

"నన్నొక మాట అడగొద్దారా?" అని ఫోన్లో కొడుకును నిలదీసింది.

"నీకెందుకమ్మా పరేషాన్, నేను చూసుకుంటున్న గద," అన్నాడు వాడు.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో మళ్లీ మీటింగు. ఆ నియమాన్ని బైలాస్‌లో చేర్చడానికి ఆఖరి ఓటింగు. పోచమ్మ హర్షిణిని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి ముందు వరసలో కూర్చోబెట్టింది. హర్షిణి లేచి, "నేనేం తప్పు చేశానో చెప్పండి సార్," అందో లేదో, సెక్రటరీ సుబ్బరాయుడు అడ్డుపడ్డాడు.

"చూడండమ్మా, మీరు టెనెంటు. బైలాస్ ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఇక్కడ మాట్లాడాలి, వాళ్లే ఓటెయ్యాలి. మిగతావాళ్లు దయచేసి బయటికి వెళ్లండి."

హర్షిణి తల దించుకుని కదలబోయింది. పోచమ్మ లేచింది. "జర ఆగు బిడ్డా," అని, వెనక ఫోన్ చూసుకుంటున్న కొడుకు వైపు తిరిగింది. "శంకరా, నువ్వు సుత బయటికి నడువు. ఇల్లు నా పేరు మీదున్నది."

శివశంకర్ ముఖం కందగడ్డలా అయింది. ఎవరో కిసుక్కుమన్నారు, అంతలోనే ఆ నవ్వూ ఆగిపోయింది. ఆగదా మరి! ఇల్లాలి పేరు కలిసొస్తుందని జ్యోతిష్కుడు చెబితే భార్యల పేరున రిజిస్ట్రేషన్ చేయించుకున్న మహానుభావులు ఆ హాల్లో సగం మంది ఉన్నారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"గట్లయితే పోయినసారి చేతులెత్తినోళ్లు ఎవలు?" అంది పోచమ్మ. "ఇండ్లు ఎవలవో ఆళ్లను పిలువుండ్రి."

సుబ్బరాయుడికి ఓనర్లను పిలిపించక తప్పలేదు. నియమం చదివింది తనే, ఇప్పుడు కాదంటే ఎలా? పైగా ఆయన ఫ్లాటు కూడా భార్య భవాని పేరు మీదే ఉంది.

పొయ్యి మీది దోసె పెనాలు దింపేసి ఆడవాళ్లు వచ్చారు. తమను ఇన్నేళ్లుగా ఎందుకు పిలవలేదని ముందు దులిపేశారు, ఆ తర్వాతే కూర్చున్నారు. భవాని లేచింది. మొగుడి వైపు చూడలేదు.

"పెళ్లికి ముందు నేనూ ఇదే ఊళ్లో ఉద్యోగం చేశానండి. ఒంటరిపిల్లవని గుమ్మంలోంచే పంపేసిన ఇళ్లు నాకింకా గుర్తున్నాయి. నేను ఒప్పుకోను."

చేతులెత్తమన్నారు. పెళ్లికానివాళ్లకు ఇవ్వకూడదన్న నియమం వీగిపోయింది. ఇకమీదట ఓనరు రాసి సంతకం పెట్టనిదే వాళ్ల బదులు ఎవరూ ఓటెయ్యకూడదని, టెనెంట్లను కూడా మాట్లాడనివ్వాలని బైలాస్ మార్చారు. పోచమ్మ తన చెయ్యి ఎంత పైకెత్తిందంటే, రవిక కుట్టు పుటుక్కుమంది. ఆ హాల్లో ఆమె చెయ్యెత్తడం అదే మొదలు.

బయట శివశంకర్ ఎదురొచ్చాడు. "తప్పయింది అమ్మా," అన్నాడు.

"నాకు కాదురా, గా పిల్లకు చెప్పు."

వాడు హర్షిణి వైపు తిరిగి, తలొంచుకుని అదే మాట అన్నాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ తలాడించింది. పోచమ్మ ఆమె భుజం మీద చెయ్యేసింది.

"పా బిడ్డా. నీ ఇంట్ల ఏం వండినవ్? నాకు ఆకలైతుంది."