నంబరు ఇవ్వకుండా నన్ను పంపారు

నేను ఒక స్క్రిప్టును. కంప్యూటరు చేయాల్సిన పనిని వరసగా రాసిపెట్టిన నాలుగు ఆజ్ఞలను. అచ్చు వేస్తే అరపేజీ కూడా రాను. అయినా ఆకివీడు పక్కన ఒక రొయ్యల చెరువు బాధ్యత నా నెత్తిన పెట్టారు. ఒళ్లు మండి మాట్లాడుతున్నాను, వినండి.

నన్ను రాసింది హిమజ. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే కాపలా ఉండే యేసోబు ఫోనుకు మెసేజ్ పంపాలి, అదీ నా పని. ఆ నంబరు నాలో రాయలేదు. బయట తన లాగిన్‌లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా, అంటే ఆ లాగిన్‌లో నడిచేవాటికి మాత్రమే అందేలా, విడిగా పెట్టుకుంది. అందులో తప్పేం లేదు, చాలామంది అలాగే చేస్తారు. తన కుర్చీలో కూర్చుని నడిపినప్పుడల్లా నంబరు నాకు అందేది, యేసోబు ఫోను మోగేది, అందరూ మురిసిపోయేవారు.

తర్వాత నన్ను చెరువుగట్టు మీది షెడ్డులో ఉన్న కంప్యూటరుకు అప్పగించారు. అక్కడ నన్ను పిలిచేది హిమజ కాదు, సెన్సర్లను కనిపెట్టుకుని ఉండే ఇంకో ప్రోగ్రాం. దాని చేతిలో ఏముంటే అదే నాకు దక్కుతుంది. హిమజ లాగిన్‌లో ఉన్నవేవీ నా దాకా రావు. నాకు నంబరు ఇచ్చి పంపమని ఆ మొద్దుకు ఎవరూ చెప్పలేదు. కంప్యూటరుకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, నిమ్మకాయ కోశారు. దాని చేత ఒక్కసారి నన్ను పిలిపించి చూడటానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఫ్యూజు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. యేసోబు అవతలి చెరువులో మేత వేస్తున్నాడు. ప్రోగ్రాం నన్ను లేపింది. నంబరు కోసం చూస్తే ఖాళీ. ఎవరికి పంపను? పైగా ఏం జరిగినా సరే, చివర్లో ‘మెసేజ్ పంపడమైనది’ అని తెర మీద చూపించమని రాసింది ఆ మహాతల్లి. చూపించాను. రొయ్యలు చచ్చి తేలాయి.

యజమాని గోపాలరాజు తెర చూసి యేసోబును నిలదీశాడు.

“మెసేజ్ వెళ్లిందని ఇక్కడ కనబడతంటే, నువ్వేం చేస్తన్నావురా?”

“నాకేం రాలేదండి. కావాలంటే ఫోను చూడండి.”

“తుడిచేసుంటావు. రేపట్నుంచి రాకు.”

హిమజ నన్ను మళ్లీ తన లాగిన్‌లోనే నడిపి, “నా దగ్గర బానే పనిచేస్తోందండీ” అంది. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కొన్నాళ్లకు సంగతి ఆమెకే తెలిసొచ్చింది. నన్ను పిలిచేటప్పుడు నంబరు ఇచ్చి పంపమని ఆ ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చేర్చి, “చిన్న మార్పు చేశానండీ” అని వెళ్లిపోయింది. యేసోబు పేరు ఎత్తలేదు. ఆ ఇచ్చిన నంబరు కూడా పాతదే, యేసోబుదే.

చెరువులో కొత్తగా పిల్ల వేశాక మళ్లీ ఏరేటర్లు ఆగాయి. ఈసారి మెసేజ్ నేరుగా యేసోబుకు వెళ్లింది. అతను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. వెంటనే గోపాలరాజుకు ఫోను చేసి చెప్పాడు. గోపాలరాజు పరుగెత్తి ఫ్యూజు వేసి, రొయ్యలు దక్కాక, షెడ్డులో కూలబడి అతనికి ఫోను చేశాడు.

“నీకెలా తెలిసిందిరా?”

“మెసేజ్ వచ్చిందండి. ఈసారి వచ్చింది.”

తెర మీద రొయ్యలు చచ్చిన రోజున్న మాటలే ఉన్నాయి. గోపాలరాజు వాటి వంక చూసి ఫోను పెట్టేశాడు. మర్నాడు హిమజను పిలిపించి నంబరు మార్పించాడు. యేసోబును మాత్రం పిలవలేదు.