దొర అవుటైన రోజు

దేశంలో క్రికెట్‌ను మేమే నడుపుతున్నామని చెప్పుకునే పెద్దలారా, ఎర్రమెట్ట మాసయ్యను ఎండలో నిలబెట్టింది మీరే. దొర నిలబెట్టాడు, మాకేం తెలుసని తప్పించుకోకండి. మీ సంఘంలో ఆడేవాడికి ఓటు లేదు. సంఘం పెట్టినవాడికే ఓటు. మీలో ఒకరు గద్దె ఎక్కాలంటే ఓట్లు కావాలి, ఓట్లకు జిల్లా సంఘాలు కావాలి, సంఘాలకు దొరలు కావాలి, దొరలు ఆడాలంటే బంతి ఏరుకొచ్చే వెట్టివాళ్లు కావాలి. ఆ తాడు చివర కట్టి ఉన్నవాడు మాసయ్య.

ఆ పొద్దున అతను మైదానంలో గొంతుక్కూర్చుని పల్లేరు కాయలు ఏరుతున్నాడు. అది పాన్‌గల్ బాట పక్కన ఒకప్పుడు ఊరి పశువులు మేసిన బీడు. దొరకు బంతాట మీద మనసైన నాటి నుంచి మైదానం. పశువులు పోయాయి, పల్లేరు పోలేదు. దొర బూట్ల కింద అది గుచ్చుకోదు గానీ, బూట్లకు అంటుకుంటే దొరకు చిరాకు.

మాసయ్యకు నలభై దాటి ఉంటాయి, చూసేవాళ్లకు అరవై. నల్లగా, పొడుగ్గా, మోకాళ్లు మనిషికంటే ముందు నడిచినట్టు ఉంటాడు. అతని మడమల పగుళ్లలో గింజ పెడితే మొలుస్తుందని పెళ్లాం కిష్టమ్మ ఎగతాళి చేస్తుంది. కుడిచేతి చిటికెన వేలు కొడవలిలా వంగిపోయింది. దొర కొట్టిన బంతి తగిలి విరిగింది. దవాఖానకు పోతే ఆట ఆగుతుందన్నారు. ఆట ఆగలేదు, వేలు అట్లాగే అతుక్కుంది.

ఆ రోజు అతని మనసు పల్లేరు మీద లేదు. రాత్రి వాన పడింది. మృగశిర కార్తె ఎండిపోయి, ఆరుద్రలో పడిన మొదటి వాన. అది చెలక నేల. ఇవాళ పదును, రేపు పెంకు. ఇవాళ విత్తనం పడకపోతే ఆ ఇంటికి ఈ ఏడు జొన్నరొట్టె లేదు. అతని కౌలు చేను ఎక్కడో లేదు, మైదానం కంచె అవతలే. అక్కడ కిష్టమ్మ, అన్న భీమయ్య దగ్గర అడిగి తెచ్చిన ఎద్దులను విత్తే గొర్రుకు కట్టి, జొన్నల మూట చంకన పెట్టుకుని నిలబడింది. గొర్రు పట్టడానికి ఒకరు, గింజలు వదలడానికి ఒకరు కావాలి.

"ఏమయ్యో! ఎద్దులు ఇయ్యాలొక్కదినమే అన్నడు మా అన్న. వస్తవా, రావా?"

"జర ఆగవే. దొర అవుటయితే వస్త."

"దొర ఎన్నడన్న అవుటయిండా?"

మాసయ్య వంగి ఇంకో పల్లేరు కాయ ఏరాడు. ఎర్రమెట్టలో బ్యాటు పట్టేది దొర, దొర బామ్మర్దులు. వంగి బంతి ఏరేది వెట్టి. దొర కొట్టిన బంతిని పట్టుకుంటే బలుపు. పట్టుకోవడానికి పరుగెత్తకపోతే సోమరితనం. ఈ రెండింటి మధ్య బతకడానికి మాసయ్య ఒక విద్య నేర్చాడు. బాణంలా ఉరుకుతాడు, బంతి కిందికి చేరుతాడు, రెండు చేతులా అందుకుంటాడు, జారవిడుస్తాడు, నుదురు కొట్టుకుని "అబ్బబ్బ, ఏం దెబ్బ దొరా!" అంటాడు. "మాసిగానివి ఎన్నపూస చేతులు" అని దొర మురిసిపోతాడు. ఒకడు కొత్తగా వచ్చి తెలియక పట్టేశాడు. వానకాలమంతా దొర పొలం ఊరికే దున్నాడు. అప్పటి నుంచి ఆ ఊళ్లో అందరివీ ఎన్నపూస చేతులే.

ఆ రోజు మీ మనిషి వచ్చాడు. పట్నం నుంచి మోటారులో, దొర పెట్టిన ఎర్రమెట్ట సంఘంలో నిజంగా ఆట ఉందా లేదా చూసిపోవడానికట. ఆట చూడటానికి కాదు, ఓటు చూడటానికి. షామియానా కింద కుర్చీలో కూర్చుని, నిమ్మకాయ సోడా తాగుతూ, వంటశాల వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా తల అటు తిప్పాడు.

దొర గుమాస్తా బుచ్చన్న బంతి వేస్తున్నాడు. అంపైరు కూడా ఆయనే. బంతిని దొర బ్యాటుకు నైవేద్యంలా అందిస్తున్నాడు. దొర కొడుతున్నాడు, మీ మనిషి చప్పట్లు కొడుతున్నాడు, మాసయ్య ఉరుకుతున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కంచె అవతల నేల రంగు మారుతోంది. తడి ఎరుపు పోయి గట్ల పక్క నుంచి తెల్లబడుతోంది. కిష్టమ్మ ఇక ఆగలేక, గింజల మూట నడుముకు కట్టుకుని ఒక్కతే గొర్రు పట్టింది. సాలు పాము పోయినట్టు పోయింది. ఎద్దులు తలో దిక్కుకు లాగాయి.

అప్పుడు దొర ఒకటి లేపాడు. బంతి ఎంత ఎత్తుకు పోయిందంటే దొరే మెచ్చుకుని నోరు తెరిచాడు. మాసయ్య ఉరికాడు. కిందికి చేరాడు. చేతులు చాచాడు. పడింది. ఇక జారాలి.

జారలేదు.

దొర తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"ఇడువుర మాసిగా!" బుచ్చన్న పరుగెత్తుకొచ్చాడు. "ఇడువు, ఇంక టైమున్నది!"

మాసయ్య తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "ఇడుస్తలేవు సారూ. నేనేం జెయ్యాలె?"

షామియానా కింద మీ మనిషి లేచి నిలబడ్డాడు. "శభాష్! రావుసాబ్, ఎన్నో ఊర్లు తిరిగిన. దొర అవుటయ్యే ఊరు ఇదొక్కటే చూసిన. మీ కాడ అసలైన ఆట ఉన్నది. మీ సంఘం పక్కా, మీ ఓటు పక్కా!"

దొర ముఖం నవ్వు కోసం వెతుక్కుంది. దొరికిందే తగిలించుకుంది. "మా మాసయ్యే గదా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక దొర నోట తన పేరు చివర 'య్య' వినడం మాసయ్యకు అదే మొదటిసారి. దొర దగ్గరికొచ్చి ఇంకా మెత్తగా అన్నాడు. "రేపు పొద్దున గడికి రా."

దొర అవుటైతే ఆట అయిపోయినట్టేనా? ఎవరికీ తెలియదు. ఆ అవసరం ఎన్నడూ రాలేదు. మీ మనిషికి ఆకలైంది కాబట్టి అయిపోయింది.

మాసయ్య బంతిని నేల మీద పెట్టి, కంచె దూకి, గొర్రు అందుకున్నాడు.

"ఏం జేస్తివయ్యా!" అంది కిష్టమ్మ.

"ఇత్తనం ఏస్తున్న. గింజలు జర పల్చగ ఇడువు, ఒక్కకాడనే పడుతున్నయి."

"రేపు గడిల తోలు ఒలుస్తరు."

"రేపు మనముంటె గద. కోతకు మీ అన్న ఉన్నడు."

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పల్చగా వదిలింది.

పొద్దు గుంకేలోపు ఆఖరి సాలు పడింది. దొర ఉండే గడిలో మీ మనిషి మాంసం బాగుందని మూడోసారి వడ్డించుకుంటున్నప్పుడు, ఇద్దరూ ఎద్దులను భీమయ్యకు అప్పజెప్పి, ఒక మూట నెత్తిన పెట్టుకుని ఊరు దాటారు. పెద్దమందడి బాటన పోతుంటే చూసినవాళ్లు ఉన్నారు. తిరిగి వస్తుంటే చూసినవాళ్లు లేరు.

దొరకు ఓటు వచ్చింది. జొన్న మొలిచింది, మోకాలెత్తు అయింది. ఇప్పుడు ఆ పంట నాదంటున్నాడు దొర.

కాబట్టి వినండి. ఎర్రమెట్ట ఓటు కొట్టేయండి. బ్యాటు పట్టినవాడే బంతీ ఏరుకోవాలని కట్టడి చేయండి. వెట్టి చేయించేవాడిని మీ గడప తొక్కనివ్వకండి. ఆ చేను భీమయ్య కోస్తాడు. అడ్డమొస్తే ఊరంతా కొడవళ్లతోనే ఉంటుంది, కోతకాలం కదా. ఇవేవీ మీకు చేతకాకపోతే ఒక్క పని చేయండి. మనిషి దొరకక, లెక్కకు పదకొండు కావాలని, మాసయ్య చోట దొర ఒక కట్టె బొమ్మను పాతించాడు. వచ్చి దాన్ని పీకండి. మాసయ్య వదిలిపోయిన చిరుగుల గొంగడి కప్పుకుని, రెండు చేతులూ చాచి, అది ఇంకా అక్కడ వెట్టి చేస్తోంది.