కొత్త స్క్రీన్, పాత ముఖాలు

ఫోటో స్టూడియో ఆయన దగ్గర ఒక లాప్‌టాప్ ఉండేది. దుకాణంలో అన్నిటికంటే చవకది ఏదని అడిగి మరీ కొన్నది. ఉత్తరాలు రాసుకునేవాళ్ల కోసం చేసిన ఆ యంత్రం మీద ఆయన ఆరేళ్లుగా మనుషుల ముఖాలు దిద్దుతున్నాడు. ఒక ఫోటో తెరవమంటే అది నాలుగు నిమిషాలు ఆలోచించేది. దిద్దింది దాచమంటే ఇంకా ఎక్కువ ఆలోచించేది. ఆ ఆలోచనల మధ్య ఆయన టీ తాగేవాడు. గిరాకీ బాగున్న రోజున కడుపులో టీ చెరువు కట్టేది. స్క్రీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నిటారుగా కూర్చుంటే ముఖం కనబడేది, కాస్త పక్కకి ఒరిగితే బూడిద కనబడేది.

అలాగే రోజులు వెళ్లిపోయేవి. కానీ ఒక శనివారం పక్క వీధి బడి హెడ్‌మిస్ట్రెస్‌గారు వచ్చి, "పోయినేడాదిలాగే పిల్లల గుర్తింపు కార్డులకి, నా కార్డుకి ఫోటోలు కావాలండీ. నాలుగు వందల మంది. వచ్చే వారం తీసి, ఆ పై వారంలో ఇచ్చేయాలి" అన్నారు.

ఆవిడ మెట్లు దిగగానే ఆయన లెక్క వేసుకున్నాడు. ఫోటోకి పావుగంట చొప్పున నాలుగు వందల ఫోటోలకి వంద గంటలు. వారంలో వంద గంటలంటే అన్నం తినడం కూడా లాప్‌టాప్ ముందే. ఆయన ముఖం చూసి, కౌంటర్ దగ్గర ప్రింట్లు కత్తిరిస్తున్న భార్య కత్తెర కింద పెట్టింది.

"మా తమ్ముడికి ఒకసారి చూపిద్దామండీ" అంది.

ఆ తమ్ముడు బస్సు డిపోలో టైంకీపర్. తెలియని విషయమంటూ లేనివాడు. మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని దిగాడు.

"ప్రాసెసర్ మార్చేస్తే గుర్రంలా పరిగెడుతుంది బావా. మూడు వీడియోలు చూశాను."

"మూడూ చివరిదాకా చూశావా?"

"రెండు చూశాను. మూడోదాంట్లో వాడు ఏడవడం మొదలెట్టాడు, ఆపేశాను."

ఆయనకి అక్కడే అనుమానం రావాల్సింది. కానీ భార్య తమ్ముణ్ని అనుమానించడం అంత తేలికైన పని కాదు. భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచారు. బావమరిది లాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి, స్క్రూలు తీసి, అడుగు రేకు ఊడదీసి, ఫ్యాన్ పక్కన పెట్టాడు. దాని కింద గోరంత నల్లటి బిళ్ల మెరుస్తూ కనబడింది.

"ఇదే. ఇలా పైకి లాగితే వచ్చేస్తుంది" అని గోటితో లాగాడు. రాలేదు. చెంచా కాడ పెట్టి ఎత్తబోయాడు.

"అది ఊడేది కాదేమోరా" అంది అక్క.

"ఊడుతుందక్కా. కొంచెం మొండికేస్తోంది, అంతే."

ఆయన లేచి బావమరిది చేతిలో చెంచా లాక్కున్నాడు. ఎలా విప్పారో అలాగే బిగించేశారు. మీట నొక్కితే లాప్‌టాప్ కిక్కురుమనలేదు. ఇప్పటిదాకా నత్తలా నడిచింది, ఇప్పుడు అదీ లేదు.

సోమవారం బావాబావమరుదులిద్దరూ దాన్ని పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టుకుని భూతద్దం దగ్గరికి పట్టుకెళ్లారు. భూతద్దం అంటే బజారు చివర లాప్‌టాప్‌లు బాగుచేసే పెద్దావిడ. ముందు గడియారాలు బాగుచేసేది, తరవాత రేడియోలు, ఇప్పుడు ఇవి. కుడికంటికి ఎప్పుడూ ఒక భూతద్దం తగిలించుకుని ఉంటుంది గనక ఆ పేరు. ఆవిడ స్క్రూలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ రేకు విప్పింది.

"దీనికి పదకొండు స్క్రూలు. పదమూడు బిగించారు. ఆ రెండూ ఎక్కడివి?"

బావమరిది పైకప్పు వంక చూశాడు. పొద్దున ట్రైపాడ్ మీద కెమెరా దండం పెట్టినట్టు ముందుకి వాలడం ఆయనకి గుర్తొచ్చింది.

"ఈ చవక రకాల్లో ప్రాసెసర్‌ని బోర్డుకి టంకం పెట్టి అతికేస్తారు. లాగితే ఊడిరావడానికి అదేమన్నా పాలపన్నా?" అంది భూతద్దం. "బోర్డు మొత్తం మార్చాలి. ఇదే మోడల్లో మంచి ప్రాసెసర్ ఉన్నది ఒకటి నా దగ్గరుంది. దానిమీద దాని యజమాని కూర్చున్నాడు. ఒళ్లు పోయింది గానీ బుర్ర బాగానే ఉంది. ఆ బుర్ర దీనికి పెడతాను."

"అయితే నేను చెప్పినట్టు ప్రాసెసర్ మారుస్తున్నట్టేగా?" అన్నాడు బావమరిది.

"ఇల్లు మారినవాడికి గోడలు కూడా మారతాయి కదా, అలాగ."

"చూశావా బావా, నేను చెప్పిందే."

భూతద్దం స్క్రీన్‌ని అటూ ఇటూ తిప్పింది. "ఇదేం స్క్రీనయ్యా, పొగమంచులా ఉంది. ఇదీ మారుస్తాను. దీని ముందు ఆరేళ్లు ఏం చూశావో ఏమో."

ఆ చివరిమాట ఆయన పట్టించుకోలేదు.

బుధవారం లాప్‌టాప్ వచ్చింది. మీట నొక్కి అలవాటుగా టీ గ్లాసు అందుకున్నాడు. గ్లాసు పెదాలకి తగిలేలోగా ఫోటో తెరుచుకుంది. ఆయన సంతోషం పట్టలేక ఇంకొకటి, మరొకటి, వరసగా పాత ఫోటోలు తెరిచాడు. తెరుస్తున్నకొద్దీ సంతోషం తగ్గుతూ వచ్చింది.

ముఖాలన్నీ నారింజ రంగులో ఉన్నాయి. బ్యాంకు గుమాస్తా నారింజ. పెళ్లికూతురు నారింజ. పెళ్లికొడుకు గుమ్మడిపండు.

సంగతి మెల్లగా బోధపడింది. పాత స్క్రీన్‌లో అందరూ నీలంగా, నెత్తురు లేనట్టు కనబడేవాళ్లు. ఆయన ఎరుపూ పసుపూ పెంచి వాళ్లకి ప్రాణం పోసేవాడు. ప్రింటులో రంగు ఎక్కువైనప్పుడల్లా ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రింటర్‌ని తిట్టేవాడు. ఆ తరవాత ఇంకు అమ్మేవాణ్ని తిట్టాడు. రెండేళ్ల కిందట నడిబజార్లో వాణ్ని కల్తీగాడన్నాడు కూడా. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు.

"ప్రింటర్ తప్పు కాదే" అన్నాడు నీరసంగా.

"నేను చెప్తూనే ఉన్నాను కదండీ" అంది భార్య. "నాకు రంగులు తెలియవన్నారు."

ఆ సాయంత్రం ఆయన ఇంకు దుకాణానికి వెళ్లాడు. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. తీరా అక్కడ నిలబడ్డాక, "స్క్రీన్ మార్చాను" అని మాత్రం అనగలిగాడు.

ఇంకు దుకాణదారు ఆయన్ని ఎగాదిగా చూసి, "తెలిసిందన్నమాట" అన్నాడు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. వెళ్లేటప్పుడు నల్ల ఇంకు డబ్బా చేతిలో పెట్టి, "ఎర్రది ఇప్పుడప్పుడే అక్కర్లేదులే" అన్నాడు.

బళ్లో ఫోటోలు తీశాక, ఆ పై వారం నాలుగు వందలూ దిద్దడం మూడు రోజుల్లో అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు చూసుకోవడానికి వచ్చారు. ఆయన మొదట ఆవిడ ఫోటోయే చూపించాడు. ఆవిడ చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

"నాకు ఒంట్లో బాగోలేదా ఏమిటి? పోయినేడాది ఎంత కళగా ఉన్నాను?"

అబద్ధం చెబితే మళ్లీ నాలుగు వందల ముఖాలకి రంగు పులమాలి. ఆయన గుండె దిటవు చేసుకుని స్క్రీన్ గొడవంతా చెప్పేశాడు, చెంచా సంగతి తప్ప. ఆవిడ విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"అదా సంగతి! పోయినేడాది మా పిల్లలంతా ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ కార్డులు చూడ్డమే మానేశాడు. ఇదేదో మీ పనితనంలో ప్రత్యేకత అనుకుని మేమెవరమూ మాట్లాడలేదు."

తరవాత పిల్లల ఫోటోలు ఒక్కొక్కటే చూశారు. ఒకడి ముక్కు మీద మచ్చ, ఒకమ్మాయి చెంప మీద సిరా మరక, ఇంకొకడి కళ్లలో ఆ క్షణాన నవ్వు ఆపుకుంటున్న తిప్పలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. ఆవిడ ప్రతి ఫోటోనీ పేరు పెట్టి పిలుస్తూ, "వీడు వీడే" "ఇది ఇదే" అంటూ గంటసేపు కూర్చున్నారు. ఆయన పక్కనే నిలబడి, ఆరేళ్లలో ఇంతమందిని ఇంత దగ్గరగా చూడలేదనుకున్నాడు.

"పిల్లలవి ఇలాగే ఉంచండి. ఒక్కటి కూడా మార్చొద్దు" అని లేచారు హెడ్‌మిస్ట్రెస్‌గారు. గుమ్మం దాకా వెళ్లి, ఆయన భార్య వైపు తిరిగి గొంతు తగ్గించారు. "నా కార్డుకి మాత్రం పోయినేడాదిదే వేయించమ్మా."