బూదవ్వ ఆణిముత్యాలు, రెండో వైపు

నేను ఒక పాడైపోయిన క్యాసెట్‌ని. ఈ మాట నాది కాదు, పోయిన నెల మ్యూజియం నుంచి వచ్చిన ఒక సారుది. నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, టేప్ రికార్డర్‌లో వేసి విని, ఆ ముక్క అనేసి పోయాడు. పాడయ్యానో బాగుపడ్డానో నా కథ విని మీరే చెప్పండి.

నా పేరు 'బూదవ్వ ఆణిముత్యాలు'. మేకల బూదవ్వ జగిత్యాల వైపు పొలాల్లో నాట్లేస్తూ పాడే మనిషి. ఆమె పాటలు ఒక పట్నం కంపెనీ అప్పటికే క్యాసెట్ల మీద క్యాసెట్లు చేసి అమ్ముకుంది. వాటిలో బాగా పేలినవి ఏరి ఒక్కచోట కుక్కితే నేను పుట్టాను. ఆమెను ఒక మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నా అట్ట మీద ఆమె ఫొటో కూడా లేదు. లంగావోణీ కట్టిన ఎవరో పిల్ల పండిన వరికంకులు పట్టుకుని నవ్వుతుంటుంది. నాట్ల పాటలకు కోతల నాటి కంకులేమిటని అడిగే బుద్ధి ఆ ఆఫీసులో ఒక్కరికీ పుట్టలేదు.

నా రెండో వైపు చివర 'అద్దాల రవిక' పాట పెట్టారు. పెళ్లి బరాతులను ఊపేసిన పాట అది. దాని కోసమైనా జనం చివరిదాకా వింటారని కంపెనీ ఎత్తు. దానికి చోటు చాలక, ముందున్న మడి పాటను మధ్యలో కోసేశారు. బూదవ్వ గొంతు సన్నబడి సన్నబడి మాయమైపోతుంది, వెంటనే డప్పుల మోత మొదలవుతుంది.

మడి పాటను అలా కోయకూడదు. ఈ ఒడ్డున ఎత్తుకున్న పాటను ఆడవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తూ, నాటేస్తూ, ఆ ఒడ్డు చేరేదాకా ఆపరు. చివరి చరణంలో మడి దగ్గర సెలవు తీసుకుంటారు. చెప్పకుండా ఒడ్డెక్కితే మడి నొచ్చుకుంటుందని వాళ్ల నమ్మకం. కంపెనీ వాళ్లు ఆ ఆడవాళ్లందరినీ మోకాళ్ల లోతు బురదలో నిలబెట్టి పాట లాగేసుకున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నన్ను మొదట కొన్నది గఫూర్ అనే ప్రైవేటు బస్సు డ్రైవరు. ఒక రోజు బూదవ్వ, ఆమెకు వంత పాడే శాంతవ్వతో కలిసి ఆ బస్సే ఎక్కింది. మడి పాట వస్తుంటే ఇద్దరూ మురిసిపోతూ విన్నారు. గొంతు మాయమై డప్పులు మోగేసరికి బూదవ్వ లేచి నిలబడింది.

"డ్రైవరూ, బండాపు."

"ఏమైందవ్వా?"

"నా పాటను నడి మడిల ఇడిసిపెట్టిన్రు. ఇంక ఒడ్డెక్కలే."

గఫూర్ అట్ట మీది పిల్లను చూశాడు, ఈమెను చూశాడు, నవ్వాడు. బూదవ్వ సీటు కమ్మీ పట్టుకుని, పాట ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడే అందుకుంది. గఫూర్ నవ్వు ఆగిపోయింది, బండీ ఆగింది. పాట అయ్యాక అతను నన్ను బయటికి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నీది నువ్వే ఉంచుకో అవ్వా" అన్నాడు.

ఆమె నన్ను పట్టుకుని కంపెనీకి పోయింది. ఐదు నిమిషాలు దాటితే ఎవరూ వినరవ్వా అని ఓనరు నచ్చజెప్పి చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ ముట్టకుండా తిరిగొచ్చింది.

కొన్నేళ్లకు ఆమె గొంతులో గడ్డ లేచింది. ప్రాణం నిలవాలంటే ఆపరేషన్ చేయాలని, ఆ తర్వాత పాట కాదు కదా మాట కూడా ఉండదని డాక్టర్లు చెప్పారు. మడి పాట చివరి భాగం ఆమెకు తప్ప ఇంకెవరికీ రాదు. వంత పాడేవాళ్లకు వంతే వస్తుంది. ఆసుపత్రికి పోయే ముందురోజు మధ్యాహ్నం బూదవ్వ టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, నన్ను ముందు పెట్టుకుంది.

"కొత్త క్యాసెట్ తెస్తనే. దీంట్ల పాడితే అద్దాల రవిక చెరిగిపోతది. నీకు పేరొచ్చిందే దాంతోని" అంది శాంతవ్వ.

"అది ఊరూర మోగుతున్నది. గిది నా గొంతుల్నే ఉన్నది, రేపు గొంతే ఉండది. తెగిన కాడనే అతకాలె."

చెరిపి పాడటానికి వీల్లేకుండా కంపెనీ నా వీపున చిన్న బెజ్జం వదిలింది. బూదవ్వ బస్సు టికెట్ మడిచి అందులో కుక్కింది. ఎర్ర బటన్ నొక్కింది. నా ఒంటి మీంచి డప్పులు చెరిగిపోతుంటే నాకు బాధ వేయలేదు, ఇన్నాళ్లకు నాలోకి బూదవ్వ వచ్చిందనిపించింది. బొంగురు గొంతు, మధ్యలో దగ్గు, వాకిట్లో కోళ్ల అరుపు, అన్నీ నాలో ఉన్నాయి. శాంతవ్వ ఏడుస్తూనే ఉంది, వంత మాత్రం ఒక్కచోటా తప్పలేదు.

ఇదీ నేను 'పాడైన' కథ. మ్యూజియం సారు వెతికింది అద్దాల రవిక కోసం. "ముఖ్యమైన పాటే లేదు, మా దగ్గర మంచి కాపీ ఉందిలెండి" అన్నాడు. మెడకు గుడ్డ చుట్టుకున్న బూదవ్వ అతని చేతిలోంచి నన్ను లాక్కుంది. జవాబు శాంతవ్వ చెప్పింది.

"సారూ, మీ దాంట్ల మా బూదవ్వ ఇంక బురదలనే నిలబడ్డది. దీంట్ల ఒడ్డెక్కింది."

ఉండనివ్వండి, అద్దాల పెట్టెలో ఆ మంచి కాపీని. నేను ఈ ఉదయం శాంతవ్వ పొలం గట్టు మీద, టేప్ రికార్డర్‌లో మోగుతూ ఉన్నాను. నాటే యంత్రాలు వచ్చాక వరసలు పలచబడ్డాయి, అయినా ఈ మడిలో చేత్తోనే నాటుతున్నారు. కంపెనీ కోసిన చోటు వచ్చింది. ఎవరి చేతులూ ఆగలేదు. బొంగురు గొంతు అందుకుంది.

"ఒడ్డుకొస్తిమమ్మ ఓ మడి తల్లి, కాళ్లు గడుగుకుంటం సెలవియ్యవమ్మ..."

అందరూ ఒడ్డెక్కారు. బూదవ్వ ఒక్కతే ఇంకా బురదలో ఉంది. నాతో పాటు పెదవులు కదుపుతోంది. పాట అయిపోయాక వంగి మడిని తాకి, ఒడ్డు మీద కాలు పెట్టింది. అప్పుడు నా టేపు అయిపోయి, బటన్ టక్కున పైకి లేచింది.