తాళంకప్ప ఫోటో

నేను ఒక డిజిటల్ కెమెరాను. వెండి రంగు, అరచేతిలో ఇమిడే ఒళ్లు. ఏ దేశంలో పుట్టానో నా అడుగున రాసి ఉందట గానీ, నా అడుగు నాకు కనబడదు. థర్మకోల్ ముక్కల మధ్య పడుకుని నల్గొండ జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాలకు చేరాను. హెడ్మాస్టర్ బుచ్చిరాములు సారు నన్ను రెండు చేతులతో అందుకుని, ముచ్చటగా తుడిచి, బీరువాలో పెట్టేశారు.

సారుకు వస్తువులంటే ప్రాణం. వాడితే పాడవుతాయని ఆయన బెంగ. నన్ను జెండా పండుగలకే బయటికి తీసేవారు. అందుచేత మనుషులు ఎప్పుడూ వరసలో నిలబడి, ఊపిరి బిగబట్టుకుని బతుకుతారని చాలాకాలం నమ్మాను.

ఒకటో తరగతికి రజిత టీచర్ కొత్తగా వచ్చాక ఆ నమ్మకం పోయింది. ఆవిడ సారును బతిమాలి నన్ను తెచ్చి, తాడు కట్టి పిల్లల మెడలో వేసింది.

"మన బడిల మీకేది ఇష్టమో దాన్ని ఫోటో తియ్యుండ్రి" అంది.

తీశారు. తమ ముక్కులు తీశారు, బొటనవేళ్లు తీశారు. ఒకడు ఉడికిన గుడ్డును అన్ని వైపుల నుంచీ తీశాడు. వాళ్ల ఎత్తు నుంచి సారు తల రాలేదు గానీ, బొజ్జ మాత్రం నిండుగా వచ్చింది.

తర్వాత సాత్విక వంతు. ఈ పిల్ల బడికి వచ్చిన రోజులకన్నా రాని రోజులే ఎక్కువ. వచ్చినా మధ్యాహ్నానికల్లా కడుపునొప్పి. బడిదొంగ అని అందరూ తేల్చేశారు. "ఇగ బడి మాన్పిస్త టీచర్, నాతోని పత్తి చేనుకొస్తది" అని వాళ్లమ్మ సునీత ఆ ఉదయమే చెప్పి వెళ్లింది. సాత్విక నన్ను పట్టుకుని తిన్నగా ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గరికి నడిచి, తలుపుకున్న తాళంకప్పను ఫోటో తీసింది.

"ఇదేందే? తాళం నీకిష్టమా?" అని అడిగింది టీచర్.

"కాదు టీచర్. తలుపు తెరిస్తే ఇష్టం."

ఆ మరుగుదొడ్డి కొత్తది, నీలం టైల్స్‌ది. పెద్ద ఆఫీసర్లు వచ్చి చూసేదాకా మాయకూడదని సారు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు. పెద్ద పిల్లలు ఇళ్లకు పరిగెత్తి వచ్చేవారు. సాత్విక ఇల్లు ఊరి చివర. అందుకని గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా, బిగబట్టుకుని కూర్చునేది. అడిగి అడిగి సంగతి తెలుసుకున్నాక టీచర్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. నాకున్నది ఒకటే కన్ను, అదీ గాజుది. అయినా బాధేసింది.

టీచర్ నన్ను సారు ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

"మస్తు క్లియర్‌గ వచ్చింది. తాళం మీది అక్షరాలు సుత కనవడుతున్నయి" అని మెచ్చుకున్నారు.

"సార్, ఆ పిల్ల కడుపునొప్పి దీంతోనే."

సారు జేబులోంచి చెవి తీసి బల్ల మీద పెట్టి, "జర నీళ్లు బాగ పొయ్యమను, టైల్స్ ఖరాబైతయి" అన్నారు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆయనకు చేతకాదు.

ఆనాటి నుంచి సునీత పత్తి చేనుకు ఒంటరిగానే వెళ్లింది. సాత్విక రోజూ బడికి వచ్చింది, గ్లాసులకు గ్లాసులు నీళ్లు తాగింది. ఒకరోజు నేను మెడలో ఉండగానే దానికి తొందర పడింది. నన్ను పిట్టగోడ మీద పెట్టి పరిగెత్తింది. పెట్టడం సరిగ్గా కుదరలేదు. సిమెంటు మీద పడ్డాను. పడుతూ పడుతూ మీట నొక్కుకుపోయి ఒక ఫోటో తీశాను.

ఇప్పుడు విరిగిన గ్లోబు పక్కన, అట్టపెట్టెలో ఉన్నాను. నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ చివరి ఫోటో అలికినట్టు వచ్చినా టీచర్ చెరిపేయలేదు. అందులో మూసిన తలుపు ఉంది. దాని ముందు, టైల్స్ మాయకూడదని విప్పి పెట్టిన రెండు బుల్లి చెప్పులు ఉన్నాయి.