కళ్లజోడు తీస్తే

ఇరవై రెండేళ్లుగా మన ఎమ్మెల్యే గారు శాసనసభలో చేసిన పని ఒక్కటే: లేవడం, కూర్చోవడం. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు. మాట్లాడటమంటారా, సభ రికార్డుల్లో ఆయన పేరు మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం, "ఫ్యాను తిరగడం లేదు అధ్యక్షా" అని. దానికి కూడా తోటివాళ్లు మొహమాటానికి బల్లలు చరిచారు.

ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆలోచించే శ్రమ ఆయనకు ఏనాడూ లేదు. పార్టీ నాయకుడు, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, ముందు వరుసలో కూర్చునేవాడు. పెద్దాయన కళ్లజోడు తీస్తే లేవాలి, పెట్టుకుంటే కూర్చోవాలి. పార్టీ మొత్తానికీ అదే సైగ. మిగతావాళ్లు అటూ ఇటూ ఒకసారి చూసి మరీ లేచేవాళ్లు. మన ఎమ్మెల్యే గారు మాత్రం వెనక వరుసలో కునికిపాట్లు పడుతూ కూడా గురి తప్పేవారు కాదు. ఓసారి పెద్దాయన కంట్లో నలుసు పడి కళ్లజోడు తీస్తే, ఒక వంతెన కట్టొద్దనే తీర్మానానికి ఈయనొక్కరే లేచి నిలబడ్డారు. ఆ వంతెన ఈయన నియోజకవర్గంలోదే.

ఇంత సేవకీ దక్కిందేమిటయ్యా అంటే, భుజం మీద పెద్దాయన చెయ్యి. మంత్రివర్గం ఏర్పడ్డ ప్రతిసారీ చెయ్యి ఈయన భుజం మీద పడేది, పదవి పక్కవాడికి వెళ్లేది. ఇంట్లో భార్యకు ఒళ్లు మండిపోయేది.

"మీ తర్వాత వచ్చినవాళ్లు మంత్రులయ్యారు, మాజీ మంత్రులు కూడా అయిపోయారు. మీరు మాత్రం ఆ వెనక బల్ల మీదే ముసలివారైపోతున్నారు" అనేది ఆవిడ.

ఆ పోరు పడలేక, పెద్దాయన ప్రతిపక్షంలో ఉన్న సమయం చూసి, పోయిన నెల అధికార పార్టీలోకి గోడ దూకారు. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రికి బలం చాలడం లేదు, ఈయనకు ఓపిక చాలడం లేదు. బేరం చిటికెలో కుదిరింది. సభలో బలపరీక్ష నెగ్గితే మర్నాడు పొద్దున్నే రోడ్ల శాఖ మంత్రిగా ప్రమాణం. ఓడితే ప్రభుత్వమే ఉండదు, ఇక శాఖ ఎక్కడిది? ఎన్నిసార్లు చూసుకున్నా ముఖ్యమంత్రి గట్టెక్కేది ఒక్క ఓటుతోనే. ఆ ఒక్కటీ ఈయనదే.

భార్య ఊరుకుంటుందా? ఈయన పేరుకు ముందు 'మంత్రి' అని ఇత్తడి అక్షరాలతో బోర్డు చేయించి, దుప్పట్లో చుట్టి బీరువా మీద దాచింది. బలపరీక్ష రోజు పొద్దున వంటింట్లోనే సాధన మొదలుపెట్టింది.

"ప్రభుత్వాన్ని బలపరిచేవాళ్లు లేవండి!" అంది గరిటె పైకెత్తి.

ఈయన లేచారు.

"వ్యతిరేకించేవాళ్లు లేవండి!"

ఈయన కదల్లేదు.

"అంతే, చాలా తేలిక" అంది ఆవిడ. పది సార్లు చేయిస్తే పది సార్లూ సరిగ్గానే చేశారు. చదివేటప్పుడు తప్ప ఆవిడ కళ్లజోడు పెట్టుకోదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సభలో కొత్త పార్టీ వాళ్లు ఈయన్ని తమవైపు బల్లల్లో కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్లు వీపు మాత్రమే చూసిన పెద్దాయన ఇప్పుడు ఎదురుగా, మొహంలోకి మొహం పెట్టినట్టు కూర్చుని ఉన్నాడు.

"ప్రభుత్వాన్ని బలపరిచేవారు లేవండి" అన్నాడు స్పీకరు.

చుట్టూ అందరూ లేచారు. ఈయన కూడా లేద్దామనే అనుకున్నారు. ఎదురుగా పెద్దాయన ముక్కు మీద కళ్లజోడు కదలకుండా ఉంది. కాళ్లు మొరాయించాయి. పక్కాయన చొక్కా పట్టి లాగాడు, ముఖ్యమంత్రి వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. ఈలోగా లెక్కపెట్టే ఉద్యోగి ఆ వరుస దాటిపోయాడు.

"వ్యతిరేకించేవారు లేవండి."

ఎలాగూ ఓడిపోయామనుకున్న పెద్దాయన, చెమట తుడుచుకుందామని కళ్లజోడు తీశాడు.

మన ఎమ్మెల్యే గారు లేచి నిలబడ్డారు. తాను నిలబడ్డానని ఆయనకు తెలిసేసరికి సభ అంతా గోల. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది.

బయట విలేకరులు చుట్టుముట్టారు. "అంతరాత్మ చెప్పినట్టు ఓటేశారా?" అని ఒకడు అందించాడు. "అవును" అన్నారు ఈయన. జీవితంలో మొదటిసారి ఈయన కోసం చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పెద్దాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. రేపటి ముఖ్యమంత్రి ఆయనే.

"అయ్యా, ఆ రోడ్ల శాఖ..." అని నసిగారు ఈయన.

"శాఖలదేముందయ్యా, ఎవడికైనా ఇస్తాను. అవతల కూర్చుని కూడా నా కళ్లజోడుకి లేచేవాడు నాకింకెక్కడ దొరుకుతాడు? నిన్ను పోగొట్టుకోను. నా వెనకే ఉండు" అన్నాడు పెద్దాయన ఆప్యాయంగా.

ఇంటికి వచ్చేసరికి బోర్డు బల్ల మీద ఉంది. భార్య కళ్లజోడు పెట్టుకుని దాని మీది అక్షరాలు చూస్తోంది. ఈయన ఎదురు కుర్చీలో కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పారు. తిడుతుందనుకున్నారు. తిట్టలేదు.

"పొద్దున పది సార్లూ సరిగ్గానే లేచారు కదండీ" అంది మెల్లగా. కళ్లు తుడుచుకుందామని కళ్లజోడు తీసింది.

ఈయన లేచి నిలబడ్డారు.

"ఎక్కడికి?" అంది ఆవిడ.

ఆయనకు తెలియలేదు. ఆవిడ మళ్లీ కళ్లజోడు పెట్టుకునేదాకా అలాగే నిలబడి ఉన్నారు.