పేజీకి అవతలి వైపు

మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసి పుల్లన్న పొయ్యి మీద కలియబెడుతున్నాడు. అది వేయకపోతే పుస్తకానికి పురుగు పడుతుంది. ముప్పై ఆరేళ్ళుగా అది తగిలీ తగిలీ అతని వేళ్ళ చివర్లు నీలం తిరిగి, పగుళ్ళు బారాయి. మనిషి సన్నం. వంగి కుట్టీ కుట్టీ మెడ ముందుకు సాగింది. డోన్ స్టేషన్ రోడ్డులో, కేశవయ్య అద్దె పుస్తకాల షాపు వెనక గదిలో ఇలాంటి మనిషి ఒకడున్నాడని ఊళ్ళో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మంది అతన్ని "బైండింగాయప్ప" అంటారు.

అతని పని చెప్పుకోవడానికి చిన్నదే. షాపుకొచ్చే వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, ఏ సీరియల్‌వి ఆ కట్టలో పెడతాడు. సీరియల్ అయిపోయాక కట్టను కుట్టి, అట్ట వేసి, పుస్తకం చేస్తాడు. ఒకప్పుడు వాటికోసం ఆడవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు. ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ పోట్లాటలు కూడా టీవీలోకే వెళ్ళిపోయాయి. షాపు మూసేద్దామని కేశవయ్య ఏడాదికోసారి అంటుంటాడు. మూయనివ్వనిది ఒక్క పుస్తకం, "గోడకవతల ఏరు". రెండేళ్ళ కిందట అయిపోయిన సీరియల్ అది. ఇంటర్ పిల్లలు వంతులేసుకుని మరీ తీసుకుపోతారు.

అందులో ఒక నగరం. చుట్టూ గోడ. లోపల నీళ్ళు కొలిచి పోస్తారు. పదహారేళ్ళు నిండగానే అరచేతిలో ముద్ర వేసి, బతికినన్నాళ్ళూ చేయాల్సిన పని చెబుతారు. మారుతానంటే కుదరదు. గోడ అవతల ఏమీ లేదంటారు. ఒక పిల్ల మాత్రం ఏరు ఉందని నమ్మి, ముద్రను రాయితో రుద్దేసుకుని, రాత్రికి రాత్రి గోడ దగ్గరికి పోయి తలుపు మీద చెయ్యి వేస్తుంది. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. తర్వాతేమైందని పిల్లలు అరుగు మీద కూర్చుని వాదించుకుంటారు. పుల్లన్నను అడిగితే, రాసినాయన ఆడికే నిలిపినాడు, నన్నేం సేయమంటారు అంటాడు.

ఇలాంటి కథ ఈ పిల్లలకెందుకో అతనికి మొదట్లో అర్థం కాలేదు. నాలుగు రోజులకోసారి వచ్చే కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకునే ఊళ్ళో, నీళ్ళు కొలిచిపోసే కథలో వింతేముంది? ఒకసారి రమణిని అడిగాడు. పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ఇంటర్ చదివే పిల్ల. ఆ పుస్తకాన్ని ఆరుసార్లు తీసుకుపోయింది.

"నీళ్ళ కత మాకు తెలిసిందే పెదనాయనా," అంది రమణి. "ఆ పాప ఒద్దు అంటాది సూడు, అది మాకు తెల్దు."

ఆ మాట పుల్లన్నకు ముల్లులా దిగింది. అతనికీ పదహారేళ్ళప్పుడే పని చెప్పారు. ఎనిమిదో తరగతి పాసై, తొమ్మిదిలో చేరతానని రెండేళ్ళు తండ్రి వెనక తిరిగాడు. తండ్రి ఒకరోజు చెయ్యి పట్టుకుని తెచ్చి, కేశవయ్య తండ్రి ముందు నిలబెట్టి, పుస్తకాలంటే పిచ్చిగదా, ఈడ ఉండు అన్నాడు. పుల్లన్న వద్దనలేదు. అనొచ్చని తోచనే లేదు. భార్య సోమక్కతో కూడా ఈ సంగతి ఎప్పుడూ చెప్పుకోలేదు.

నిన్న రమణి పుస్తకం తిరిగి ఇచ్చి, రేపు సుగ్గికి పోతాండామని చెప్పింది. వానల్లేక పంట పోయింది. ఇంటిల్లిపాదీ గుంటూరు పక్కకు మిరప కోతలకు పోతారు, మళ్ళీ ఉగాదికి గానీ రారు. మార్చిలో పరీక్షలు. నాలుగు చేతులకు ఇంకో రెండు కలవాలని నాయన వీరభద్ర హాస్టల్‌కొచ్చి చెప్పాడట. ఒంటిగంట ప్యాసింజరుకు పోతాండామంది. పోతూ పోతూ, ఆ పాప గోడ దాటిందా లేదా, నీకు నిజంగా తెలీదా అని అడిగింది. తెలీదన్నాడు.

ఇప్పుడు జిగురు దించి, కేశవయ్య భార్య నాగరత్నమ్మ పంపిన పుస్తకం ముందేసుకున్నాడు. అత్తాకోడళ్ళ సీరియల్, ఆమెకు ప్రాణం. వీపు ఊడింది, సాయంత్రానికి కావాలంది. తెరిస్తే మొదటి కాగితం మీద తను అంటించిన తెల్లకాగితం లేచి ఉంది. సీరియల్ పేజీకి వెనక వేరే సంగతి ఉంటే, చదివేవాళ్ళకు అడ్డం రాకుండా దాన్ని తెల్లకాగితంతో మూసేయడం అతని పద్ధతి. తడి గుడ్డతో అద్ది లాగాడు. కింద అక్షరాలు కనిపించాయి. "తలుపు తెరుచుకుంది." పేజీ అడుగున "సమాప్తం".

పుల్లన్న చెయ్యి ఆగిపోయింది. ఆ వారం "గోడకవతల ఏరు" ముగిసిన కాగితానికి వెనకే ఈ అత్తాకోడళ్ళ సీరియల్ మొదలైంది. కొత్త సీరియల్ హెడ్డింగు చూసి, అవతలి వైపు తిప్పకుండా ఆ కట్టలో పెట్టేశాడు. కుట్టేనాడు చూడకుండానే మూసేశాడు. రెండేళ్ళుగా పిల్లలకు రాసినవాడి మీద చాడీలు చెబుతున్నాడు, తప్పు తన చేతిలో పెట్టుకుని.

రెండో వాక్యం చదవబోయి మానుకున్నాడు. ఆ పిల్లకంటే ముందు చదివితే ఎంగిలి చేసినట్టుంటుంది. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. జిరాక్సు షాపుకు పోతే కరెంటు రెండింటికి వస్తుందన్నారు. ఈ కాగితం తీస్తే నాగరత్నమ్మ కథకు తల పోతుంది. కుట్టిన పుస్తకంలోంచి కాగితం కోయడం అతని ఇంటా వంటా లేదు. కాసేపు కత్తి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. తర్వాత కోశాడు.

స్టేషన్‌కు పరుగులాంటి నడకతో పోయాడు. ప్యాసింజరు అప్పటికే నిలబడి ఉంది. జనరల్ పెట్టె నిండా మూటలు, బిందెలు, చంటిపిల్లలు. కిటికీ ఊచల వెనక రమణి కనిపించింది. కాగితం అందించి, ఇది ఆ కతకు ఆఖరిది, తప్పు నాదే పాపా అన్నాడు. ఆమె గబగబా చదివింది. మళ్ళీ మొదటి నుంచి నెమ్మదిగా చదివింది. పుల్లన్న ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏరు ఉండాదా?" అన్నాడు.

"లేదు పెదనాయనా. ఒట్టి ఇసక."

"మరి ఎనక్కి వచ్చిందా?"

"రాలే. నడుస్తానే ఉండాది."

కాగితం తిరిగి ఇవ్వబోతే, ఉంచుకో అన్నాడు. ఆమె మూటలోంచి చరిత్ర పుస్తకం లాగి ఊచల సందులోంచి ఇచ్చింది.

"ఈడుంటే నలిగిపోతాది. బైండు చేసి పెట్టు. మేలో ఇంగోసారి పరీక్ష పెడతారంట. నేనే వచ్చి తీసుకుంటా."

ఆ మాట అతనికి చెప్పినా, గొంతు పెంచింది నాయనకు వినపడాలనే. తలుపు దగ్గర వీరభద్ర విన్నాడు. ముఖం పట్టాల వైపు తిప్పుకున్నాడు. రైలు కదిలింది.

షాపులో కేశవయ్య నాగరత్నమ్మ పుస్తకం తిప్పి చూసి, మొదటి పేజీ ఏదన్నాడు. నేనే కోసినా అన్నాడు పుల్లన్న. ముప్పై ఆరేళ్ళలో అలాంటి జవాబు వినని కేశవయ్యకు తిట్టాలన్న సంగతి కూడా తట్టలేదు. నువ్వే పోయి ఆమెకు చెప్పుకో అన్నాడు. చెబుతానన్నాడు పుల్లన్న.

వెనక గదిలో ఒక్కడే కూర్చున్నాక అతనికి దుఃఖం వచ్చింది. ఆ రైల్లో తనుంటే బాగుండునని కాదు. పదహారేళ్ళప్పుడు తన చేతికి అలాంటి కాగితం ఒక్కటి ఎవరైనా తెచ్చి ఇచ్చి ఉంటే బాగుండునని.

తర్వాత చరిత్ర పుస్తకం కుట్టి, ఎర్ర గుడ్డతో వీపు కట్టాడు. అట్ట మీద రమణి పేరు రాసిన చీటీ అంటించాడు. బరువు కింద పెట్టే ముందు మడత పడిన మూలలన్నీ గోటితో సరిచేయాలి, లేకపోతే మడత అలాగే నిలిచిపోతుంది. ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాడు. సగం పుస్తకం దగ్గర, ఆ పిల్ల చదువు ఆగినచోట, గుర్తుగా మడిచిపెట్టిన మూల ఒకటుంది. ఆ ఒక్క మూలను మడత విప్పకుండా అలాగే ఉంచి, పుస్తకాన్ని బరువు కింద పెట్టాడు.